వెనక బెంచీలో పది రోజులు

టీచర్ ట్రైనింగ్ సీటు కోసం నేను రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళాను. మొదటిసారి సీటు రాలేదు. అది కాదు నన్ను ఎక్కువ బాధపెట్టింది. చాలా బాగా చేశానని అనుకుంటూ నవ్వుతూ బయటికొచ్చాను చూడండి, అదీ. ముందు వారమంతా నలభై ప్రశ్నలు, నలభై జవాబులు నోట్సులో రాసుకుని అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకున్నాను. అడిగినవాటిలో సగం నా నోట్సులోవే. ఇంకేం కావాలి?

బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ నా అప్లికేషన్ చూసి, "పది రోజులు స్కూల్‌కి వెళ్ళి క్లాసులు చూశారటగా, ఏం గమనించారు?" అని అడిగారు. నోట్సులో పదకొండో ప్రశ్న. ప్రతి విద్యార్థీ ప్రత్యేకమని, ఆనందంగా నేర్చుకునే వాతావరణం ముఖ్యమని, టీచర్ మార్గదర్శిలా ఉండాలని ఆపకుండా చెప్పుకుపోయాను. ఆవిడ పెన్ను కాగితం మీదే ఉంది గానీ ఒక్క అక్షరం రాయలేదు. అంతా ఓపిగ్గా విని, "సరే, అక్కడ మీరు చూసిన ఒక్క పిల్లాడి గురించి చెప్పండి" అన్నారు.

నాకు ఒక్క మొహం గుర్తు రాలేదు. నిజంగానే రాలేదు. "అందరూ చాలా యాక్టివ్‌గా పాల్గొన్నారండీ" అన్నాను. ఆవిడ తల ఊపి పక్కాయన వైపు చూశారు. ఆయన తర్వాతి ప్రశ్న అడిగారు.

ఇప్పుడు అప్పుడప్పుడు నన్నూ అలాంటి ప్యానెల్‌లో కూర్చోమంటున్నారు. వచ్చేవాళ్ళలో చాలామంది నేను చెప్పిన జవాబే చెబుతున్నారు, ఇంచుమించు అవే మాటల్లో. నా పెన్ను కూడా కదలదు. అందుకే ఇది రాస్తున్నాను. ఈ ఇంటర్వ్యూకి ప్రిపరేషన్ ఇంట్లో కూర్చుని జరగదని, క్లాసు వెనక బెంచీలోనే జరుగుతుందని నా వాదన. అక్కడ చూడాల్సింది చూసినవాళ్ళకి మిగతా ప్రిపరేషన్ రెండు సాయంత్రాల పని. చూడనివాళ్ళకి రెండు నెలలిచ్చినా చాలదు.

స్కూల్ అనుభవం గురించి జనానికున్న అభిప్రాయం నాకు మింగుడుపడదు. సర్టిఫికెట్ కోసం పది రోజులు సంతకం పెట్టి రావాలి, అంతే అనుకుంటారు. "స్కూల్ అంటే మనకి తెలియదా, పన్నెండేళ్ళు అందులోనే కదా ఉన్నాం" అని కూడా అంటారు. అసలు చిక్కంతా ఆ పన్నెండేళ్ళతోనే వచ్చింది. డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లో టీచర్ వృత్తి గురించి రాస్తూ ఈ సంగతినే పట్టుకున్నాడు. హైస్కూల్ పూర్తయ్యేసరికి ఒక విద్యార్థి దాదాపు 13,000 గంటలు టీచర్లను చూస్తూ గడుపుతాడని లెక్కేసి, దాన్ని ఒక రకమైన అప్రెంటిస్‌షిప్ అన్నాడు. అయితే ఆ అప్రెంటిస్‌కి కనిపించేది పని ముందువైపు మాత్రమే. ఈ ఉదాహరణే ఎందుకు తీసుకున్నారు, ఆ పిల్లనే ఎందుకు లేపారు, పాఠాన్ని మధ్యలో ఎందుకు వెనక్కి తిప్పారు లాంటివి బెంచీ మీద కూర్చున్న పిల్లకి కనబడవు. హోటల్లో ఇరవై ఏళ్ళు భోంచేసినంత మాత్రాన వంట రాదు కదా. కానీ టీచింగ్ దగ్గరికొచ్చేసరికి అందరం తిన్న అనుభవంతోనే వంటవాళ్ళం అయిపోతాం.

కాబట్టి ఆ పది రోజుల్లో మొదట జరగాల్సింది పాత కళ్ళజోడు తీసెయ్యడం. నాకది రెండోసారి గానీ కుదరలేదు.

రెండోసారి వేరే స్కూల్‌కి వెళ్ళాను. అనుమతి దొరకడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎందుకు వస్తున్నారో, ఎన్ని రోజులో, ఏ తరగతులు చూడాలనుకుంటున్నారో నాలుగు లైన్లలో రాసి హెడ్‌మాస్టర్‌కి ఇవ్వాలి, జవాబు రాకపోతే వారం ఆగి మళ్ళీ అడగాలి. పరీక్షల ముందు మాత్రం అడక్కండి, ఎవరికీ తీరిక ఉండదు. వెళ్ళిన మొదటి రోజే ఆ స్కూల్ నియమాలు అడిగి తెలుసుకోండి. పిల్లల ఫోటోలు తీయకూడదు. నోట్సులో వాళ్ళ అసలు పేర్లు రాయకూడదు. తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో ఉండకూడదు. ఎవరైనా పిల్లలు ఇంట్లో జరిగేదేదైనా భయపడుతూ చెబితే, "ఎవరికీ చెప్పనులే" అని మాట ఇవ్వకూడదు. విని, ఆ రోజే స్కూల్లో దానికి బాధ్యులైనవాళ్ళకి చెప్పాలి. ఈ చివరిదాని మీద ఇంటర్వ్యూలో ప్రశ్న వచ్చే అవకాశం చాలా ఎక్కువ. జాలితో మాట ఇచ్చేస్తాననే మంచి మనసున్నవాళ్ళే అక్కడ ఎక్కువగా బోల్తా పడతారు.

ఇక క్లాసులోకి వద్దాం. మొదటి రెండు రోజులు నేను మళ్ళీ పాత తప్పే చేశాను. వెనక కూర్చుని టీచర్‌నే చూశాను. ఆవిడ గొంతు, బోర్డు మీద రాత, నడక, జోకులు అన్నీ రాసుకున్నాను. ఏడు పేజీలయ్యాయి. మూడో రోజు విరామంలో ఆ లెక్కల టీచర్ నా నోట్సు అడిగి తీసుకుని తిరగేశారు. "నా గురించి ఇంత రాశారేంటండీ, నేను మా ఇంట్లో కూడా ఇంత కనబడను" అని నవ్వారు. తర్వాత నా కుర్చీ తీసుకెళ్ళి క్లాసుకి పక్కగా, కిటికీ దగ్గర వేశారు. అక్కడి నుంచి పిల్లల మొహాలు కనిపిస్తాయి. నాకు దొరికిన ట్రైనింగ్ మొత్తంలో అంత విలువైన పని ఇంకెవరూ చెయ్యలేదేమో.

ఆ కుర్చీలోంచే ఆ పిల్లాడు కనబడ్డాడు. మూడో వరసలో చివరివాడు. తీసివేతలు చేస్తున్నారు. పుస్తకం శుభ్రంగా ఉంది, అంకెలు ఒకదాని కింద ఒకటి స్కేలుతో గీసినట్టు ఉన్నాయి. 403 లోంచి 127 తీసెయ్యాలి. వాడు 324 అని రాశాడు. కింద ఇంకో నాలుగు లెక్కలు, నాలుగూ తప్పే. పక్కన ఎర్ర ఇంటూలు. నేను చూసిన మొదటి క్షణంలో "శ్రద్ధ లేదు" అనుకున్నాను. తర్వాత ఆ రాత చూస్తే శ్రద్ధ లేనివాడి రాతలా లేదు.

టీచర్‌ని అడిగి, వాడి పక్కన కూర్చున్నాను. "ఇదెలా చేశావో నాకు చెప్పవా" అన్నాను. తప్పు పట్టుకోవడానికి వచ్చాననుకుని మొదట పుస్తకం మూసేశాడు. "నాకు తెలియకే అడుగుతున్నా" అన్నాక మెల్లగా తెరిచాడు. పెన్సిల్ మొన చివరి నిలువు వరస మీద పెట్టి, "ఏడులోంచి మూడు తీస్తే నాలుగు. రెండులోంచి సున్నా తీస్తే రెండు. నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు" అన్నాడు. పైన మూడుంది కదా, కింద ఏడుంది కదా అన్నాను. వాడు నా వైపు కొంచెం జాలిగా చూసి, "పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి టీచర్. రెండో తరగతిలోనే చెప్పారు" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. అలాగే చెప్పి ఉంటారు. ఎవరో ఒకరు, ఎప్పుడో, ఒక్క అంకె లెక్కలు నేర్పుతూ ఆ మాట అన్నారు. వీడు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. ఐదు లెక్కల్లోనూ అదే నియమం. ఐదు ఎర్ర ఇంటూలూ వీడి విధేయతకి పడ్డాయి.

చాలా కాలం తర్వాత, ట్రైనింగ్ కూడా అయిపోయాక, జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు 1978లో సరిగ్గా ఇలాంటి తప్పుల మీదే పరిశోధన ప్రచురించారని తెలిసింది. కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో 'బగ్', అంటే లోపం, ఉన్నట్టే పిల్లల పద్ధతిలోనూ బగ్ ఉంటుందని, చాలా తప్పులు అజాగ్రత్త వల్ల రావని, ఏదో ఒక చోట తేడా ఉన్న పద్ధతిని క్రమం తప్పకుండా పాటించడం వల్ల వస్తాయని వాళ్ళు చూపించారు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యడం అందులో బాగా తెలిసిన బగ్. చదువుతుంటే ఆ పెన్సిల్ మొన కళ్ళ ముందు కదిలింది. ముందు పిల్లాడిని చూశాను కాబట్టే ఆ పరిశోధన నాకు పట్టింది. ముందే చదివుంటే ఇంటర్వ్యూలో రెండు పేర్లు చెప్పి గొప్పగా ఫీలయ్యేదాన్ని, అంతే.

ఇంకో చిన్న పని చేశాను. పెద్ద విషయమేం కాదు గానీ చాలా ఉపయోగపడింది. టీచర్ ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో మనసులో లెక్కపెట్టడం. ఒకటి అనేలోపే ఇంకెవరి పేరో పిలిచేస్తారు, లేదా జవాబు వాళ్ళే చెప్పేస్తారు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల రికార్డింగులు విని తేల్చిందీ అదే. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లు చేయిస్తే పిల్లల జవాబులు పొడవవుతున్నాయని, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడుతున్నారని 1974లో రాసింది. మూడు సెకన్లు ఎంతసేపో తెలియాలంటే బోర్డు ముందు నిలబడి చూడాలి. యుగం లాగా ఉంటుంది. వెనక కూర్చున్నప్పుడు అనిపించదు.

క్రమశిక్షణ గురించి ప్రతి ఇంటర్వ్యూలోనూ అడుగుతారు. "అల్లరి చేస్తే ఏం చేస్తారు?" దీనికి అందరూ శిక్షల జాబితా విప్పుతారు. ముందు నవ్వుతూ చెబుతా, తర్వాత గట్టిగా చెబుతా, తర్వాత తల్లిదండ్రులని పిలుస్తా. అమెరికన్ సైకాలజిస్ట్ జేకబ్ కౌనిన్ కూడా ఇదే వైపు నుంచి మొదలుపెట్టాడు. తన క్లాసులో న్యూస్‌పేపర్ చదువుకుంటున్న విద్యార్థిని మందలిస్తే మిగతావాళ్ళు కూడా సర్దుకోవడం చూసి, మందలింపు మీద పరిశోధనకి దిగాడు. చాలా క్లాసులు వీడియో తీసి చూశాక, 1970లో వెలువడిన ఆయన పుస్తకంలో తేలింది వేరు. అల్లరి మొదలయ్యాక ఎలా మందలించారన్నది మంచి టీచర్లనీ కాని టీచర్లనీ వేరు చెయ్యలేదు. మొదలవ్వకముందే ఏం చేశారన్నదే వేరు చేసింది. గదిలో ప్రతి మూలా ఏం జరుగుతోందో తనకి తెలుసని పిల్లలకి తెలిసేలా ఉండటం, పాఠం ఎక్కడా తెగకుండా నడపడం.

మా లెక్కల టీచర్ బోర్డు మీద రాస్తున్నప్పుడు పూర్తిగా వెనక్కి తిరిగేవారు కాదు. ఒక భుజం క్లాసు వైపే ఉండేది. రెండు లైన్లు రాసి, మాట ఆపకుండానే ఒకసారి నాలుగో వరస వైపు చూసేవారు. అంతే, అక్కడ చేతులు మారుతున్న చీటీ జేబులోకి పోయేది. అరవలేదు, పేరు కూడా పిలవలేదు. పది రోజుల్లో ఆవిడ గొంతు పెంచడం నేను ఒక్కసారే విన్నాను, అదీ మైదానంలో గోడెక్కినవాడి మీద. ఇంటర్వ్యూలో ఆ భుజం గురించి చెప్పండి. శిక్షల జాబితా వాళ్ళ దగ్గర ఇప్పటికే ఉంది.

చూడటంతో సరిపెట్టుకోకండి, పది నిమిషాలు అడిగి తీసుకోండి. టీచర్లు సాధారణంగా ఇస్తారు. నాకు ఏడో రోజు ఇచ్చారు. చుట్టుకొలత, వైశాల్యం. ముందు రోజు రాత్రి రంగుల చార్టు తయారుచేశాను. చక్కగా చెప్పాను, అలా అనుకున్నాను. చివర్లో "అర్థమైందా?" అంటే "అయిందీ టీచర్" అని క్లాసంతా ఒకే రాగంలో అంది. పొంగిపోయాను. ఇంకా రెండు నిమిషాలున్నాయి కదా అని, "ఈ గది చుట్టూ రంగు కాగితం పట్టీ అంటించాలంటే ఏది కావాలి, నేలంతా చాప పరచాలంటే ఏది కావాలి?" అని అడిగాను. సగం మంది రెండింటికీ వైశాల్యమే అన్నారు. ఒకమ్మాయి "మీరు ఏది చెప్పమంటే అది" అంది. గది నవ్వింది, నేనూ నవ్వాను గానీ చెవులు వేడెక్కాయి.

"అర్థమైందా" అన్న ప్రశ్నకి పిల్లలు చెప్పేది మర్యాద. అర్థమైందో లేదో తెలియాలంటే వాళ్ళ చేత ఏదో ఒకటి చేయించాలి. ఈ ముక్క నాకు ఏ పుస్తకం చెప్పినా తలకెక్కేది కాదు, ఆ పది నిమిషాలు ఎక్కించాయి. ట్రైనింగ్‌లో తర్వాత మైక్రోటీచింగ్ అని చేయిస్తారు. 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు తయారుచేసిన పద్ధతి. ఐదు పది నిమిషాల పాఠం, కొద్దిమంది పిల్లలు, ఒక్క నైపుణ్యం, చెప్పాక చర్చ, మళ్ళీ చెప్పడం. అందులో అసలు మందు ఆ 'మళ్ళీ'లోనే ఉంది. మీకు స్కూల్లో పది నిమిషాలు దొరికితే ఇంకో సెక్షన్‌లో అదే పాఠానికి ఇంకో పది నిమిషాలు అడగండి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఏం మార్చారన్నది ఇంటర్వ్యూకి సిసలైన సరుకు. డెమో ఇవ్వమన్నప్పుడు కూడా ఇదే గుర్తుపెట్టుకోండి. చార్టు అందం ఎవరూ చూడరు. ఒక తప్పు జవాబు వస్తే మీరు దాన్ని ఏం చేస్తారో చూస్తారు.

ఇక్కడ ఒకరిద్దరు నన్ను ఆపుతారని తెలుసు. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ జీతం లేకుండా పది రోజులు స్కూల్లో కూర్చోవడం అందరికీ కుదురుతుందా? కుదరదు. ఇది న్యాయమైన అభ్యంతరం, దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కాకపోతే నేను చెబుతున్న చూపుకి స్కూల్ గేటే అక్కర్లేదు. పక్కింటి పిల్లకి లెక్కలు చెబుతూ ఆ పిల్ల ఎక్కడ ఆగిపోతోందో రాసుకున్నా అదే పని. ఈ మధ్య ఒకమ్మాయి తన స్కూల్ అనుభవం మూడు రోజులేనని తలవంచుకుని చెప్పి, తమ్ముడికి చదవడం నేర్పుతున్నప్పుడు వాడు పదంలో మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తున్నాడని ఎలా కనిపెట్టిందో చెప్పింది. నేను అర పేజీ రాసుకున్నాను. ఆవిడ తర్వాత వచ్చినతను అరవై రోజుల సర్టిఫికెట్ తెచ్చాడు. ఒక్క వాక్యం రాసుకోలేకపోయాను.

ఇంకో అభ్యంతరం నాదే. ఈ ఇంటర్వ్యూలు మాటకారుల్ని పైకి లేపుతాయి. గట్టిగా, గడగడా మాట్లాడేవాళ్ళకి టీచర్ పోలికలున్నట్టు అనిపిస్తుంది. మెల్లగా ఆలోచించి మాట్లాడేవాళ్ళకి టెన్షన్ అని పేరు పెడతారు. ఒకసారి మా బల్ల దగ్గరే అలా జరిగింది. నేను వాదించాను గానీ గెలవలేదు. ఆ కుర్రాడు ప్రతి ప్రశ్నకీ మూడు సెకన్లు ఆగాడు. పిల్లలకి ఇవ్వమని మనం బతిమాలే మూడు సెకన్లు మనం అతనికి ఇవ్వలేకపోయాం. కాబట్టి నెమ్మదస్తులకి నా సలహా ఏమిటంటే, "ఒక్క నిమిషం ఆలోచించి చెబుతానండీ" అని పైకే అనండి. చెప్పి ఆగితే ఆలోచన, చెప్పకుండా ఆగితే తడబాటు అనుకుంటారు. అన్యాయమే, కానీ ఉన్నది అది.

"టీచర్ ఎందుకు కావాలనుకుంటున్నారు?" అన్న ప్రశ్నకి "పిల్లలంటే ఇష్టం" అని మాత్రం దయచేసి అనకండి. పిల్లలంటే నాకూ ఇష్టమే, ఆదివారాలు. శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి పీరియడ్‌లో నలభై మంది మీద ఆ ఇష్టం ఎంతసేపు నిలుస్తుందో చూడటానికే ఆ పది రోజులు. నాతో పాటు వచ్చిన స్నేహితురాలు ఐదో రోజు సాయంత్రం "ఇది నా వల్ల కాదే" అని అప్లికేషన్ వెనక్కి తీసుకుంది. అందరూ అయ్యో అన్నారు. నాకైతే మా ఇద్దరిలో ఆ పది రోజుల్ని బాగా వాడుకున్నది తనేనని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండో ఇంటర్వ్యూలో ప్యానెల్ వేరు, ప్రశ్న మాత్రం అదే. ఏం గమనించారు? 403 లోంచి 127 అని మొదలుపెట్టాను. ప్యానెల్‌లో పెద్దాయన ఒకరు తన కాగితం మీద ఆ లెక్క వేసి, 324 అని రాసి, కాసేపు చూసి, "ఓహో" అన్నారు. "మరి మీరేం చేశారు?"

పుల్లలు తెచ్చానని చెప్పాను. పదేసి పుల్లలకి రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టాం. ముందు చిన్న లెక్క, 43 లోంచి 17. నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వమన్నాను. మూడు ఇచ్చి ఆగాడు. నేను ఏమీ అనలేదు, లోపల లెక్కపెట్టుకుంటున్నాను. వాడే ఒక కట్ట రబ్బరు బ్యాండు తీసేశాడు. చివరికి మిగిలినవి లెక్కపెట్టుకుని 26 అన్నాడు, తన పుస్తకంలో ఉన్న 34 వైపు చూశాడు, చెరిపేశాడు. తర్వాత తనంతట తానే 403కి వెళ్ళాడు. మూడు విడి పుల్లలున్నాయి, ఏడు కావాలి, కట్ట విప్పాలి. విప్పడానికి పదుల చోట సున్నా ఉంది. పెన్సిల్ ఆ సున్నా మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. గంట కొట్టారు.

"తర్వాత?" అన్నారు పెద్దాయన.

"తర్వాత తెలియదండీ" అన్నాను. "అది నా పదో రోజు."